భుజం కీలు అస్థిరత: దేహపరీక్ష

భుజం కీలు అస్థిరత అంటే దండచేయి ఎముక తల తన గుంటలో కుదురుగా నిలవలేక జారడం, ఆ జారుడు వల్ల మనిషి ఇబ్బంది పడడం. ఎముక తల పూర్తిగా బయటికి వచ్చేస్తే కీలు తప్పిందంటాం. గుంట అంచుదాకా వెళ్లి తనంతట తానే వెనక్కి వస్తే అది సగం జారుడు. ఊళ్లలో 'గూడ జారింది' అని చెప్పేది ఎక్కువగా మొదటి రకం గురించే. రెండో రకం ఉన్నవాళ్లు 'బంతి విసరబోతే చేయి ఒక్కసారిగా చచ్చుబడింది', 'లోపల ఏదో కదిలి సర్దుకుంది' అంటూ వస్తారు. అమెరికన్ శస్త్రవైద్యులు కార్టర్ రో, బెర్ట్రామ్ జారిన్స్ 1981లో ఈ సగం జారుడు గురించి వివరంగా రాసేదాకా ఇలాంటి రోగుల్లో చాలామందికి సరైన రోగనిర్ణయమే జరిగేది కాదు.

శరీరంలో తప్పే పెద్ద కీళ్లలో దాదాపు సగం భుజానివే. వాటిలో నూటికి తొంభైకి పైగా ముందువైపుకు జారినవి. వెనక్కి జారేవి తక్కువ, నేరుగా కిందికి జారేవి మరీ అరుదు. కొందరిలో కీలు ఒకటికంటే ఎక్కువ దిక్కుల్లో జారుతుంది. చార్లెస్ నీర్, క్రెయిగ్ ఫోస్టర్ 1980లో దీన్ని ప్రత్యేక సమస్యగా గుర్తించి, బహుదిశా అస్థిరతగా చూపారు. అస్థిరత ఉందా, ఉంటే ఏ దిక్కున, దానికి కారణం ఏమిటి? స్కానింగ్ సౌకర్యం ఎంత పెరిగినా ఈ మూడు ప్రశ్నలకు తొలి జవాబు రావలసింది రోగి మాట నుంచి, వైద్యుడి చేతి నుంచి.

కీలు నిర్మాణం

రెక్క ఎముక బయటి అంచున ఉన్న గ్లీనాయిడ్ గుంట లోతు తక్కువ. దాని ముందు దండచేయి ఎముక తల చాలా పెద్దది. సాసరులో పెట్టిన బత్తాయిని ఊహించుకుంటే ఆ పొంతన తెలుస్తుంది. ఏ క్షణంలో చూసినా ఎముక తలలో పావు వంతు నుంచి మూడో వంతు లోపు భాగమే గుంటను తాకి ఉంటుంది. చేతిని ఇన్ని దిక్కుల్లో తిప్పగలగడానికి కారణం ఇదే, ఆ కీలు సులువుగా తప్పడానికీ కారణం ఇదే.

ఎముకలు ఇవ్వని కట్టుబాటును మెత్తని కణజాలం ఇస్తుంది. గుంట చుట్టూ లేబ్రమ్ అనే నారవంటి అంచు ఉండి లోతు పెంచుతుంది. కీలును చుట్టిన సంచిలో లిగమెంట్లు మందపాటి పట్టీలుగా ఉంటాయి. వీటిలో కింది లిగమెంట్ సముదాయం అతి ముఖ్యమైనది. చేతిని పక్కకు 90 డిగ్రీలు ఎత్తి బయటికి తిప్పినప్పుడు దాని ముందు పట్టీ బిగుసుకుని, ఎముక తలను ముందుకు పోనివ్వకుండా ఆపుతుంది. వీటన్నిటి మీద రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాల కూటమి ఉంటుంది. అది ఎముక తలను గుంటలోకి అదిమి పెడుతుంది. రెక్క ఎముకను కదిలించే కండరాలు ఆ గుంటను సరైన సమయానికి సరైన కోణంలోకి తెస్తాయి. ఈ వరుసలో ఎక్కడ తెగినా, సాగినా, సమన్వయం తప్పినా కీలు జారవచ్చు. పరీక్షలో ఒక్కో భంగిమ ఈ వరుసలో ఒక్కో భాగాన్ని ప్రశ్నిస్తుంది. ఏ భంగిమలో ఏ పట్టీ బిగుస్తుందో తెలియకుండా పరీక్షల పేర్లు కంఠస్థం చేస్తే ప్రయోజనం ఉండదు.

మొదటిసారి గాయంతో కీలు ముందుకు తప్పినప్పుడు సాధారణంగా లేబ్రమ్ ముందు కింది భాగం ఎముక నుంచి ఊడుతుంది. జర్మన్ శస్త్రవైద్యుడు గెయోర్గ్ పెర్తెస్ 1906లోనే దీన్ని వర్ణించినా, 1923లోను ఆ తరువాత 1938లోను రాసిన బ్రిటిష్ శస్త్రవైద్యుడు బ్లండెల్ బాంకార్ట్ పేరే దానికి స్థిరపడింది. జారిన ఎముక తల గుంట అంచుకు గుద్దుకోవడంతో వెనకవైపు పడే సొట్టను 1940లో రేడియాలజిస్టులు హెరాల్డ్ హిల్, మారిస్ శాక్స్ వివరించారు. అదే హిల్-శాక్స్ సొట్ట.

వదులు వేరు, అస్థిరత వేరు

వైద్యుడు చేతితో కదిపినప్పుడు ఎముక తల గుంటలో ఎంత దూరం జరిగిందన్నది వదులుతనం. అది కేవలం ఒక కొలత. నాట్యకారులు, జిమ్నాస్టులు, ఈతగాళ్లు, ఇంకా ఏ క్రీడా ఆడని ఎందరో ఆరోగ్యవంతుల భుజాలు చాలా వదులుగా ఉంటాయి, వాళ్లకు ఏ బాధా ఉండదు. మత్తు ఇచ్చి పరీక్షిస్తే మామూలు భుజంలో కూడా ఎముక తల వెనక్కి సగం దాకా జరగవచ్చు. ఆ జరగడం రోగికి తెలిసి, తన బాధ అదేనని అతను గుర్తుపడితేనే అది అస్థిరత.

ఈ తేడా పట్టించుకోని పరీక్ష రెండు విధాలా నష్టం చేస్తుంది. వదులుగా ఉన్న మంచి భుజానికి అనవసరంగా శస్త్రచికిత్స జరుగుతుంది. మరోవైపు, పట్టి చూస్తే బిగుతుగానే ఉన్న భుజం ఆటలో పదేపదే జారుతున్నా 'ఏమీ లేదు' అని రోగిని పంపేస్తారు. రెండో తప్పు ఎక్కువగా కండలు తిరిగిన కుర్రాళ్ల విషయంలో జరుగుతుంది. భయంతో వాళ్లు కండరాలు బిగిస్తారు, పరీక్షించే చేతికి ఎముక తల కదలదు. అందుకే ఈ వ్యాసంలో ఇకపై వచ్చే ప్రతి పరీక్ష దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోవాలి: కీలు ఎంత జరిగిందని కాదు, జరిగినప్పుడు రోగికి ఏమనిపించిందని.

రోగి చెప్పేది

చేయి ముట్టుకోకముందే సగం రోగనిర్ణయం అయిపోవాలి. మొదటిసారి ఎలా జారింది? కబడ్డీలో రైడర్ చేయి చాచి ఉండగా డిఫెండర్లు పట్టి వెనక్కి లాగితే, వాలీబాల్ స్మాష్‌లో చేయి తల పైన ఉండగా దెబ్బ తగిలితే, బైకు మీద నుంచి పడి చాచిన చేతి మీద బరువంతా మోపితే కీలు ముందుకు తప్పుతుంది. పొలంలో మోటారు స్టార్టర్ దగ్గర కరెంటు షాక్ కొట్టినా, మూర్ఛ వచ్చినా భుజం చుట్టూ ఉన్న బలమైన కండరాలు ఒక్కసారి బిగుసుకుని దాన్ని వెనక్కి తోస్తాయి. దెబ్బ ఏదీ లేకుండా, నిద్రలో పక్కకు ఒత్తిగిలినప్పుడో, తువ్వాలు ఆరేస్తున్నప్పుడో జారిందంటే కీలు సంచి పుట్టుకతోనే వదులుగా ఉందేమో, కండరాల పనితీరు తప్పిందేమో ఆలోచించాలి.

ఎవరు సర్దారు అన్నది కూడా అడగాలి. ఆసుపత్రిలో మత్తు ఇచ్చి సర్దవలసి వస్తే అది పూర్తిగా తప్పిన కీలు. తనే చేయి ఊపుకుని సర్దుకున్నానంటే సగం జారుడో, చాలాసార్లు జారి వదులైన కీలో అయి ఉంటుంది. మన ప్రాంతంలో చాలామంది ముందు కట్టు కట్టేవారి దగ్గరికి వెళ్లి, తరువాతే ఆసుపత్రికి వస్తారు. వాళ్లకు తొలి ఎక్స్-రే ఉండదు. అలాంటప్పుడు జారిన దిక్కు తేల్చడానికి రోగి జ్ఞాపకం తప్ప ఆధారం లేదు. గుచ్చి గుచ్చి అడగడంలో తప్పు లేదు, కసురుకుంటే మాత్రం ఉన్న సమాచారం కూడా పోతుంది.

వయసు గురించి రెండు మాటలు. మొదటిసారి జారినప్పుడు ఇరవై ఏళ్ల లోపు ఉంటే మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువ. నలభై దాటితే మళ్లీ జారడం తక్కువ, కానీ రొటేటర్ కఫ్ చిరిగి ఉండే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఒకే ఫిర్యాదుతో వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడిలోను, యాభై అయిదేళ్ల పెద్దాయనలోను వైద్యుడు వెతికేది ఒకటి కాదు.

రోగి తనకు తానుగా భుజం జార్చి చూపగలనంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, నిందగానూ మార్చకూడదు. లండన్ దగ్గరి స్టాన్‌మోర్ ఆసుపత్రి వైద్యులు అస్థిరతను మూడు మొనల త్రిభుజంగా చూపారు. ఒక మొన గాయంతో నిర్మాణం దెబ్బతిన్నది, రెండోది గాయం లేకుండానే నిర్మాణం వదులైంది, మూడోది నిర్మాణం బాగానే ఉన్నా కండరాలు తప్పు వరుసలో పని చేసేది. ఒక్కో రోగి ఈ మొనల మధ్య ఎక్కడో ఉంటాడు, కాలంతో పాటు చోటు మారవచ్చు కూడా. మూడో మొన దగ్గర ఉన్నవారికి కత్తి పెడితే మేలుకంటే కీడే ఎక్కువ. వారికి కావలసింది ఓపిక గల ఫిజియోథెరపిస్టు.

చూడడం, తాకడం, కదిలించడం

రెండు భుజాలు, రెక్క ఎముకలు పూర్తిగా కనిపించాలి. మగవాళ్లు చొక్కా, బనియన్ తీయాలి. ఆడవాళ్లకు భుజాలు మాత్రం కనబడేలా గుడ్డ చుట్టుకునే ఏర్పాటు, పక్కన ఒక స్త్రీ ఉండడం తప్పనిసరి. ఈ చిన్న ఏర్పాటు లేక చాలా చోట్ల ఆడవాళ్ల భుజాలను బట్టల మీదనుంచే తడిమి వదిలేస్తున్నారు. అలా చేసింది పరీక్ష కిందికి రాదు.

మొదట వెనక నుంచి చూడాలి. రెక్క ఎముక మీది గుంటల్లో కండ తగ్గిందా, భుజాన్ని కప్పే డెల్టాయిడ్ కండరం గుండ్రదనం రెండు వైపులా సమానంగా ఉందా, పాత శస్త్రచికిత్స మచ్చ సాగి కాగితంలా పలచబడిందా చూడాలి. చివరిది కణజాలం పుట్టుకతోనే బలహీనమని చెప్పే గుర్తు. తరువాత రోగిని నెమ్మదిగా చేతులెత్తి దించమనాలి. దించేటప్పుడు రెక్క ఎముక లోపలి అంచు పైకి లేచి పక్షి రెక్కలా కనబడితే, ఆ ఎముకను ఛాతీకి అదిమి పెట్టే సెరేటస్ కండరమో దాని నరమో బలహీనమై ఉండవచ్చు, లేదా భుజం జారకుండా శరీరం అలా సర్దుబాటు చేసుకుంటూ ఉండవచ్చు. గోడను రెండు చేతులతో నెట్టమంటే ఇది స్పష్టమవుతుంది.

కదలికలు రోగి చేసినవి, వైద్యుడు చేయించినవి రెండూ కొలవాలి. మోచేయి పక్కకు ఆనించి ముంజేయిని బయటికి తిప్పినప్పుడు 85 డిగ్రీలు దాటితే ఆ భుజం స్వతహాగా వదులైనదిగా లెక్క. కఫ్ కండరాల బలం ఒక్కొక్కటిగా చూడాలి. ఒళ్లంతా వదులు ఉందేమో తెలుసుకోవడానికి బైటన్ కొలమానం ఉంది. దక్షిణాఫ్రికా జన్యువైద్యుడు పీటర్ బైటన్ సహచరులతో కలిసి 1973లో రూపొందించిన ఈ తొమ్మిది మార్కుల లెక్కలో చిటికెన వేళ్లు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగడం, బొటనవేళ్లు ముంజేతిని తాకడం, మోచేతులు, మోకాళ్లు 10 డిగ్రీలకు మించి వెనక్కి వాలడం, మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు ఆనడం చూస్తారు. పెద్దల్లో సాధారణంగా అయిదు, అంతకు మించి వస్తే కీళ్లు వదులని చెబుతారు. నిమిషం పట్టని పని ఇది. చికిత్స ఎటు వెళ్లాలో తరచు దీంతోనే తేలుతుంది.

భయం పరీక్ష

ముందువైపు అస్థిరతను తేల్చే పరీక్షల్లో దీనిదే అగ్రస్థానం. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, భుజం బల్ల అంచున ఉండేలా చూసి, మోచేయి వంచి, చేతిని పక్కకు 90 డిగ్రీలు ఎత్తాలి. తరువాత ముంజేతిని మెల్లగా, చాలా మెల్లగా బయటికి, వెనక్కి తిప్పాలి. తిప్పుతున్నంతసేపూ వైద్యుడి చూపు రోగి ముఖం మీదే ఉండాలి, చేతి మీద కాదు. కింది లిగమెంట్ ముందు పట్టీ ఊడి ఉంటే ఎముక తల ముందుకు జారబోతుంది. రోగికి అది మనకంటే ముందు తెలుస్తుంది. కనుబొమలు ముడిపడతాయి, ఛాతీ కండరం ఠక్కున బిగుస్తుంది, రెండో చెయ్యి వచ్చి వైద్యుడి మణికట్టు పట్టుకుంటుంది, 'వద్దు సార్, జారిపోతుంది' అంటాడు. అక్కడ ఆపేయాలి. ఇంకా తిప్పి చూడడం అనవసరం, క్రూరం కూడా.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: 'నొప్పి పుడుతోందా, జారిపోతుందేమోనని భయంగా ఉందా?' ఈ రెండిటికీ మధ్య ఎంత దూరం ఉందో అంకెలు చెబుతాయి. అమెరికాలో ఆడమ్ ఫార్బర్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో భయాన్ని గుర్తుగా తీసుకున్నప్పుడు ఈ పరీక్ష అస్థిరత ఉన్నవారిలో 72 శాతాన్ని పట్టుకుంది, లేనివారిలో 96 శాతాన్ని సరిగ్గా లేదని చెప్పింది. నొప్పిని గుర్తుగా తీసుకుంటే ఆ అంకెలు 50, 56కు పడిపోయాయి. అంటే దాదాపు నాణెం ఎగరేసినట్టే. నొప్పి కఫ్ వాపు వల్ల రావచ్చు, బంతి విసిరేవాళ్లలో కఫ్ లోపలి పొర గుంట వెనక అంచుకు ఒరుసుకోవడం వల్ల రావచ్చు. భయం మాత్రం అస్థిరతదే.

భయం పుట్టిన అదే భంగిమలో రెండో అడుగు ఉంది. వైద్యుడు తన అరచేతిని రోగి భుజం ముందు భాగం మీద ఉంచి ఎముక తలను వెనక్కి మెత్తగా నొక్కుతాడు. భయం ఒక్కసారి తగ్గి, చేయి ఇంకొంచెం వెనక్కి వెళ్తుంది. లాస్ ఏంజెలెస్‌లో బేస్‌బాల్ ఆటగాళ్లకు వైద్యం చేసిన ఫ్రాంక్ జోబ్ పేరుతో ఈ సర్దుబాటు పరీక్ష వాడుకలో ఉంది. ఇందులో కూడా చూడవలసింది భయం తగ్గిందా అని, నొప్పి తగ్గిందా అని కాదు. మూడో అడుగు ఆ నొక్కిన చేతిని హఠాత్తుగా తీసేయడం. భయం తిరిగి వస్తే అస్థిరత దాదాపు ఖాయం. కెనడాలో ఇయన్ లో బృందం 2004లో ఈ మూడింటినీ పోల్చి, చివరిదే అన్నిటికంటే కచ్చితమని తేల్చింది. అది తప్పుగా 'ఉంది' అని చెప్పడం నూటికి ఒకటి మాత్రమే. కానీ చెయ్యి తీసేసిన క్షణంలో భుజం నిజంగానే జారవచ్చు. మొదటి రెండు అడుగుల్లో సంగతి తేలిపోయినప్పుడు మూడోది చేయకపోవడమే మర్యాద. రోగి ఒకసారి మన చేతిలో భయపడితే మిగతా పరీక్షంతా బిగబట్టుకునే ఉంటాడు. ఈ కారణంగానే భయం పరీక్షను అన్నిటికంటే చివర చేయాలి, బాగున్న భుజానికి ముందుగా చేసి చూపాలి.

ఇదే పరీక్షను తక్కువ కోణంలో చేస్తే మరో విషయం తెలుస్తుంది. చేతిని 45 డిగ్రీలే ఎత్తి, 45 డిగ్రీలే బయటికి తిప్పినా భయం పుడితే, లేబ్రమ్ ఊడడంతో పాటు ఎముక కూడా అరిగిందని అనుమానించాలి. బ్రాండన్ బుష్‌నెల్ బృందం 2008లో దీన్ని వివరించింది. ఇది ఎంత విలువైన సమాచారమో అంతకుముందే తెలుసు. స్టీఫెన్ బర్క్‌హార్ట్, జో డి బీర్ 2000లో ప్రచురించిన 194 ఆర్త్రోస్కోపీ (కీలులోకి చిన్న కెమెరా పంపి చేసే) శస్త్రచికిత్సల ఫలితాల్లో ఎముక బాగున్నవారిలో 4 శాతం మందికి మళ్లీ జారితే, ఎముక బాగా పోయినవారిలో 67 శాతం మందికి జారింది. ముప్పావు గంట శస్త్రచికిత్సకు ముందు అర నిమిషం పరీక్ష ఈ హెచ్చరిక ఇవ్వగలదు. ఇచ్చిన తరువాత సి.టి. స్కాన్‌తో నిర్ధారించుకోవాలి.

జరుగుడు కొలిచే పరీక్షలు

రోగి భయపడకముందు చేయవలసినవి ఇవి. 'అదిమి జరపడం' పరీక్షలో వైద్యుడు మొదట ఎముక తలను గుంటలోకి అదిమి నడిమధ్యకు తెస్తాడు, తరువాత ముందుకు, వెనక్కి జరిపి చూస్తాడు. మధ్యకు తేవడం మరిస్తే ముందే జారి ఉన్న తలను లోపలికి నెట్టి, దాన్నే వెనక్కి జారుడు అనుకునే ప్రమాదం ఉంది. రిచర్డ్ హాకిన్స్ పేరున వాడే గ్రేడ్లలో సున్నా అంటే కదలిక లేనట్టే, ఒకటి అంటే తల గుంట అంచు ఎక్కడం, రెండు అంటే అంచు దాటి వదలగానే తిరిగి రావడం, మూడు అంటే వదిలినా బయటే ఉండిపోవడం. మెలకువగా, బిగుసుకుని ఉన్న రోగిలో ఈ పరీక్ష సరిగా రాదు. ఇద్దరు వైద్యులు ఒకే గ్రేడ్ ఇవ్వడం కూడా అరుదు. దీని అసలు స్థానం శస్త్రచికిత్స బల్ల మీద, మత్తు ఇచ్చాక, రెండు భుజాలనూ పోల్చి చూసేటప్పుడు.

సల్కస్ గుర్తుకు రోగి కూర్చుని చేతులు వదులుగా వేలాడేయాలి. మోచేతి దగ్గర పట్టి కిందికి లాగితే భుజం కొస ఎముక కింద చర్మం గుంటపడుతుంది. ఒక సెంటీమీటరు లోపు మామూలే, రెండు సెంటీమీటర్లు దాటితే బాగా వదులు. ఆ గుంట చేతిని బయటికి తిప్పి లాగినా మాయం కాకపోతే కీలు సంచిలో పై ముందు భాగం బలహీనమని అర్థం. గుంట పడడం ఒక్కటే రోగం కాదు. ఆ లాగుడుకు 'ఇదే, నా బాధ ఇదే' అని రోగి గుర్తుపట్టాలి.

ఫ్రాన్స్‌లో ఒలివియె గజె 2001లో ప్రచురించిన పరీక్ష కింది లిగమెంట్‌ను నేరుగా ప్రశ్నిస్తుంది. వెనక నిలబడి ఒక ముంజేతితో భుజాన్ని కిందికి అదిమి, రెండో చేత్తో రోగి చేతిని పక్కకు ఎత్తాలి. రెక్క ఎముక కదలకుండా మామూలు వాళ్లలో చేయి 90 డిగ్రీల దగ్గర ఆగుతుంది. 105 దాటితే ఆ లిగమెంట్ వదులైంది. భయం లేకుండా, నొప్పి లేకుండా జరిగే పరీక్ష కావడం దీని మేలు.

వెనక్కి జారే భుజం

అరుదు కావడం వల్ల ఇది తరచు తప్పిపోతుంది. ముందు నుంచి తీసిన ఎక్స్-రేలో కీలు బాగున్నట్టే కనబడవచ్చు. వెనక్కి తప్పి అలాగే ఉండిపోయిన భుజాల్లో దాదాపు సగం మొదటి పరీక్షలో దొరకవు. 1822లో లండన్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ మూర్ఛ రోగిలో ఇలాంటి భుజాన్ని వర్ణించినప్పటి నుంచీ వైద్య విద్యార్థులకు దీన్ని బోధిస్తూనే ఉన్నారు, అయినా తప్పిపోతూనే ఉంది. దీన్ని పట్టిచ్చేది ఒక్క కదలిక. చేయి లోపలికి తిరిగి ఇరుక్కుపోతుంది, బయటికి తిప్పడం అసాధ్యం. ముందుకు చేతులు చాచి అరచేతులు ఆకాశం వైపు తిప్పమంటే ఆ వైపు చేయి తిరగదు. కరెంటు షాక్ తిన్న రైతునూ, మూర్ఛ వచ్చి లేచిన రోగినీ ఈ చిన్న పని చేయించకుండా ఇంటికి పంపకూడదు. 'భుజం పట్టేసింది' అని వ్యాయామాలు చెప్పి నెలల తరబడి తిప్పడం అన్యాయం.

పదేపదే వెనక్కి సగం జారేవాళ్లలో జర్క్ పరీక్ష చేస్తారు. రోగి చేతిని ముందుకు 90 డిగ్రీలు ఎత్తి, లోపలికి తిప్పి, మోచేతి నుంచి భుజం వైపు నెడుతూ ఎదుటి భుజం వైపుకు తెస్తే ఎముక తల వెనక అంచు దాటుతూ 'టక్' మంటుంది, వెనక్కి తెచ్చేటప్పుడు మళ్లీ అంటుంది. దక్షిణ కొరియా వైద్యుడు సుంగ్-హో కిమ్ 2005లో తన పేరున ఉన్న మరో పరీక్షను ప్రచురించారు. ఇందులో చేతిని పక్కకు 90 డిగ్రీలు ఎత్తి, నెడుతూ, ఏటవాలుగా పైకి లేపుతూ, దండచేతిని కిందికి వెనక్కి నొక్కుతారు. వెనకవైపు హఠాత్తుగా నొప్పి వస్తే లేబ్రమ్ వెనక కింది భాగం చిరిగిందని అనుమానం. ఆ అధ్యయనంలో రెండు పరీక్షలూ కలిపి చేసినప్పుడు చిరుగులలో 97 శాతం దొరికాయి. భయం పరీక్షకు భిన్నంగా ఇక్కడ నొప్పికి విలువ ఉంది. టక్‌తో పాటు నొప్పి కూడా ఉన్న భుజం వ్యాయామాలతో కుదుటపడే అవకాశం తక్కువని కిమ్ బృందం అంతకుముందే గమనించింది.

అప్పుడే జారి వచ్చిన రోగి

ఇక్కడ పైన చెప్పిన పరీక్షలేవీ చేయకూడదు. రోగి దెబ్బతిన్న చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒక వైపుకు వాలి వస్తాడు. భుజం గుండ్రదనం పోయి మూల తేలుతుంది, గుంట ఉన్నచోట ఖాళీ, ముందువైపు ఉబ్బు తగులుతాయి. మన వైద్య కళాశాలల్లో ఇప్పటికీ నేర్పే పాత పరీక్షలు మూడు. డ్యూగాస్ పరీక్షలో దెబ్బతిన్న చేతిని ఎదుటి భుజం మీద పెట్టమంటే మోచేయి ఛాతీకి ఆనదు. హామిల్టన్ పద్ధతిలో తిన్నని స్కేలు ఒకేసారి భుజం కొసనూ, మోచేతి బయటి బొడిపెనూ తాకుతుంది. మామూలు భుజంలో ఎముక తల అడ్డుపడి తాకనివ్వదు. కాలవే పద్ధతిలో చంక కింద నుంచి భుజం మీదుగా టేపు చుట్టి కొలిస్తే ఆ వైపు చుట్టుకొలత ఎక్కువ వస్తుంది. కళ్లకే తెలిసిపోయే సంగతికి మూడూ చేసి రోగిని నొప్పించనవసరం లేదు. ఎక్స్-రే లేని చోట ఒకటి చేస్తే చాలు.

ఇంతకంటే విలువైనది నరం, రక్తనాళం పరీక్ష. చంక నరం ఎముక మెడ చుట్టూ తిరిగి వెళ్తుంది, కీలు తప్పినప్పుడు సాగుతుంది. జబ్బ బయటివైపు చర్మం మీద స్పర్శ చూడాలి. స్పర్శ బాగున్నా నరం దెబ్బతిని ఉండవచ్చు కనుక, మోచేతిని వైద్యుడి చేతికి ఎదురుగా పక్కకు నెట్టమని, డెల్టాయిడ్ బిగుస్తోందో లేదో వేలితో తడిమి చూడాలి. మణికట్టు నాడి రెండు వైపులా పోల్చాలి. వయసు మీరినవాళ్లలో చంక ధమని గట్టిపడి ఉంటుంది, చిరగవచ్చు. ఎడిన్‌బరోలో ముందుకు తప్పిన 3,633 మందిని పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో 13.5 శాతం మందికి నరాల లోపం, మూడో వంతు మందికి కఫ్ చిరుగో, దాని దగ్గరి ఎముక విరుగుడో ఉన్నాయి. ఈ పరీక్ష కీలు సర్దకముందు ఒకసారి, సర్దిన తరువాత ఒకసారి చేసి, రెండూ సమయంతో సహా రాసిపెట్టాలి. ముందు రాయకపోతే సర్దడంలోనే నరం పోయిందన్న అనుమానం ఎప్పటికీ తీరదు.

పరీక్ష తరువాత

ఎం.ఆర్.ఐ. చిత్రంలో లేబ్రమ్ చిరుగు కనబడినంత మాత్రాన అదే బాధకు కారణమని చెప్పలేం. ఏ బాధా లేని క్రీడాకారుల భుజాల్లోనూ అలాంటి చిరుగులు కనబడతాయి. పరీక్ష ముందు ఒక ప్రశ్న నిలబెట్టాలి, స్కాన్ దానికి జవాబు చెప్పాలి. రిపోర్టు చేతికి వచ్చాక భుజం పట్టుకుని చూడడం తలకిందుల పద్ధతి. పట్టణాల్లో ఇదే అలవాటుగా మారుతుండడం బాధాకరం.

చేతి పరీక్షలో దొరికినవి శస్త్రచికిత్స నిర్ణయంలోనూ లెక్కకు వస్తాయి. శస్త్రవైద్యులు ఫ్రెడెరిక్ బాల్గ్, పాస్కల్ బ్వాలో 2007లో ఇచ్చిన పది మార్కుల లెక్కలో ఇరవై ఏళ్లు, అంతకు తక్కువ వయసుకు రెండు, పోటీ స్థాయి ఆటకు రెండు, ఒకరినొకరు ఢీకొనే ఆటకు లేదా చేయి తలపైకి వెళ్లే ఆటకు ఒకటి, పరీక్షలో తేలిన వదులుతనానికి ఒకటి, ఎక్స్-రేలో కనబడే రెండు రకాల ఎముక లోపాలకు చెరి రెండు. ఆరు దాటితే లేబ్రమ్ మాత్రమే కుట్టే ఆర్త్రోస్కోపీ సరిపోదని, రెక్క ఎముకలోని కోరకాయిడ్ కొసను తెచ్చి గుంట ముందు అతికించే లతార్జె శస్త్రచికిత్స మేలని వాళ్ల వాదం. ఆ హద్దు ఎక్కడ పెట్టాలన్నదాని మీద తరువాత చర్చలు జరిగాయి. అయినా పది మార్కుల్లో ఆరు రోగిని అడిగి, తాకి తెలుసుకునేవే.

భుజం ఒకసారి జారి సర్దుకున్నవారు నొప్పి తగ్గిందని ఊరుకోకండి. సర్దిన తొలి వారాల్లోనే ఎముకల వైద్యుడికి రెండు భుజాలూ చూపించుకోండి, తొలి ఎక్స్-రే ఉంటే వెంట తీసుకెళ్లండి. ఇరవై ఏళ్ల లోపు పిల్లలు మళ్లీ ఆటకు దిగేముందు భయం పరీక్ష చేయించుకోవాలి. నలభై దాటినవారు రెండు వారాల తరువాత కూడా చేయి ఎత్తలేకపోతే అది బెణుకు అనుకోకుండా కఫ్ చిరిగిందేమో వెంటనే చూపించుకోవాలి, ఎందుకంటే ఆలస్యమైన కొద్దీ ఆ కండరం ముడుచుకుపోయి కుట్టడానికి అందదు.